తెర ముందు క్షణం: చందమామ కథాచిత్రాల్లో నాటకీయ కూర్పు

తెలుగు సాహిత్య విమర్శలో ‘నాటకీయత’ అనే మాటకు చాలాకాలంగా ఒక స్థిరమైన చిరునామా ఉంది. తిక్కన పేరు చెప్పగానే అది వెంట వస్తుంది. సంభాషణల సహజత్వం, పాత్రోచితమైన పలుకు, సన్నివేశాన్ని కళ్ళకు కట్టించే నేర్పు అనే మూడింటిని కలిపి నాటకీయత అనడం పరిపాటి. అయితే ‘కళ్ళకు కట్టించడం’ అన్నది ఇక్కడ అలంకారంగా వాడిన మాట మాత్రమే. నిజంగా కంటి ముందు ఉన్న బొమ్మను, అచ్చులో కథ పక్కనే కూర్చున్న బొమ్మను, నాటకీయత దృష్టితో పరిశీలించిన సందర్భాలు మన విమర్శలో అరుదు. కథాచిత్రాన్ని అలంకారంగానో, పిల్లల్ని ఆకర్షించే సాధనంగానో చూసి పక్కన పెట్టడం అలవాటైపోయింది. కథకు బొమ్మ ఆభరణం కాదనీ, కొన్ని రచనల విషయంలో అది పాఠంలో భాగమనీ ‘చందమామ’ ఆధారంగా ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ బొమ్మల కూర్పుకు మూలాలను వెతుకుతూ వెళ్తే దారి కడప జిల్లాలోని ఒక పల్లె దాకా పోతుంది. అంతకుముందు లండన్‌లో కొంతసేపు ఆగవలసి ఉంటుంది.

విక్టోరియా కాలపు పుస్తకంలో రంగస్థలం

చార్లెస్ డికెన్స్ నవలలు చాలావరకు నెలవారీ భాగాలుగా వెలువడ్డాయి. 1836లో ప్రారంభమైన ‘పిక్విక్ పేపర్స్’తో ఈ పద్ధతి స్థిరపడింది. ఒక్కో సంచికకు రెండు బొమ్మల చొప్పున ఉండేవి. వాటిని కథ మధ్యలో కాక సంచిక ముందుభాగంలో కుట్టేవారు. అంటే పాఠకుడు కథ చదవక ముందే ఆ నెల జరగబోయే రెండు ముఖ్య సన్నివేశాలను చూసేవాడు. ఎవరు ఎవరి ముందు మోకరిల్లారో, తలుపు చాటున ఎవరు నిలబడ్డారో తెలుసు, ఎందుకో తెలియదు. ఆ ‘ఎందుకు’ను తెలుసుకోవడమే ఆ నెల పఠనం. బొమ్మ కథను అనుసరించేది కాదు, కథను పిలిచేది.

ఇలా పిలవాలంటే బొమ్మలో ఒక ప్రత్యేకమైన కూర్పు అవసరం. ‘ఫిజ్’ అనే పేరుతో ప్రసిద్ధుడైన హాబ్లట్ నైట్ బ్రౌన్ చిత్రాల్లో గది అంటే మూడు గోడల గది. నాలుగో గోడ స్థానంలో పాఠకుడు ఉంటాడు. ముఖ్యపాత్రలు నడుమ, వారికి ఇరువైపులా వ్యాఖ్యాతల్లాంటి చిన్నపాత్రలు, గోడమీద సన్నివేశానికి వ్యంగ్యార్థం కూర్చే పటాలు కనిపిస్తాయి. ఇదంతా ఆనాటి లండన్ రంగస్థలానికి పరిచితమైన అమరిక. అప్పటి నాటకాల్లో అంకాంతంలో నటులందరూ ఒక్కసారిగా కదలకుండా నిలిచిపోయి, ఒక చిత్రపటంలా కనబడే ఆచారం ఉండేది. మార్టిన్ మైసెల్ 1983లో వెలువరించిన ‘రియలైజేషన్స్’ గ్రంథం నవల, చిత్రం, నాటకం అనే మూడింటి మధ్య సాగిన ఈ ఇచ్చిపుచ్చుకోళ్ళను విస్తృతంగా చర్చించింది. 1839లో ఐన్స్‌వర్త్ నవల ‘జాక్ షెపర్డ్’ ఇంకా ధారావాహికగా వస్తుండగానే లండన్‌లోని అడెల్ఫీ నాటకశాలలో ప్రదర్శితమైంది. అందులో జార్జ్ క్రూక్‌షాంక్ గీసిన బొమ్మలను నటులు వేదికపై యథాతథంగా నిలబడి చూపించారు. ప్రేక్షకులు పుస్తకంలో చూసినదాన్ని వేదికపై గుర్తుపట్టి ఆనందించారు. రంగస్థలం నుంచి అమరికను తీసుకున్న బొమ్మ తిరిగి రంగస్థలానికే చేరిందన్నమాట.

‘ఆలివర్ ట్విస్ట్’ కోసం క్రూక్‌షాంక్ గీసిన, ఉరికంబానికి ముందు చెరగదిలో కూర్చున్న ఫేగిన్ బొమ్మ దీనికి పరాకాష్ఠ. అందులో చర్య ఏదీ లేదు. గోళ్ళు కొరుకుతున్న మనిషి, ఎత్తున చిన్న కిటికీ, గోడ మాత్రమే ఉన్నాయి. జరగబోయేది బొమ్మలో లేదు కనుకనే బొమ్మ నిండా అదే ఉంది. జర్మన్ విమర్శకుడు లెస్సింగ్ 1766లో ‘లాకోవన్’లో చెప్పిన సూత్రం ఇదే: చిత్రకారుడికి దొరికేది ఒకే క్షణం; కనుక గతాన్నీ భవిష్యత్తునూ గర్భంలో దాచుకొన్న క్షణాన్ని అతడు ఎంచుకోవాలి. చర్య పరాకాష్ఠకు చేరిన క్షణం కన్నా దానికి ఒక అడుగు ముందున్న క్షణమే ఊహకు చోటిస్తుంది.

ఈ విషయాన్ని మన పరిభాషలోకి తెచ్చుకోవడం కష్టం కాదు. నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాల్లో ఆంగికం, ఆహార్యం మాత్రమే బొమ్మకు అందుతాయి. వాచికాన్ని పక్కనున్న పాఠం ఇస్తుంది. సాత్త్వికం పాఠకుడి వంతు. నాట్యశాస్త్రంలోని కక్ష్యావిభాగం, అంటే ఒకే రంగస్థలాన్ని లోపలా వెలుపలా, దగ్గరా దూరం అని భాగించుకొనే సంకేతపద్ధతి, కథాచిత్రాన్ని వివరించడానికి ‘కంపోజిషన్’ అన్న మాటకన్నా ఎక్కువ ఉపకరిస్తుంది. ఎందుకంటే ఆ మాట కేవలం రేఖల సమతూకాన్ని చెబుతుంది. కక్ష్యావిభాగం ఎవరు ఏ లోకంలో నిలబడి ఉన్నారో చెబుతుంది.

సురభి: తోలుబొమ్మ నుంచి తెరకు

డికెన్స్ మరణించిన 15 ఏళ్ళకు, విక్టోరియా రాణి ఇంకా సింహాసనంపై ఉండగానే, 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబాలవారు ‘కీచకవధ’ ప్రదర్శించారు. ఒక పెళ్ళి సందర్భంగా జరిగిన ఆ ప్రదర్శనతో, వనారస గోవిందరావు ఆధ్వర్యంలో, తెలుగు నాటకచరిత్రలో అతి దీర్ఘకాలం నిలిచిన కుటుంబ నాటకసమాజానికి పునాది పడింది. మహారాష్ట్ర మూలాలున్న ఈ కుటుంబాలు అంతకుముందు తోలుబొమ్మలాట ఆడేవి. నాటకచరిత్రకారులు ఈ విషయాన్ని ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగుతారు. కానీ దృశ్యపరంపరను అధ్యయనం చేసేవారికి అసలు విశేషం అక్కడే ఉంది. బొమ్మలాడించినవారే బొమ్మల స్థానంలోకి వచ్చి నిలబడ్డారు. తెర వెనుక ఉన్నవారు తెర ముందుకు వచ్చారు.

తోలుబొమ్మలాటలో తెల్లని తెర, వెనుక దీపం, తెరకు ఆనించి పట్టిన రంగుల తోలు ఉంటాయి. బొమ్మలు ఎక్కువగా ప్రక్కముఖంతో ఉంటాయి. రెండు బొమ్మలు ఎదురెదురుగా నిలిస్తే సంభాషణ మొదలైనట్టే. ఎవరి చేయి కదిలితే వారు మాట్లాడుతున్నట్టు. లోతు లేదు, ఉన్నదంతా ఎడమ, కుడి. రాజు, రాణి, రాక్షసుడు మాట్లాడుకొంటుండగా అంచున బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి ఆ గంభీరమైన కథను వీధి భాషలోకి దించుతారు. ఫిజ్ గదుల మూలల్లోని చిన్నపాత్రలు చేసే పనికీ వీరి పనికీ ఉన్న పోలిక ఆశ్చర్యం కలిగిస్తుంది. రెండు సంప్రదాయాలకూ సంబంధం లేదు. రెండింటికీ ఎదురైన సమస్య ఒకటే. ఉదాత్తమైన కథను సామాన్య ప్రేక్షకుడి ముందు పెట్టినప్పుడు, ఆ ప్రేక్షకుడికి ప్రతినిధి ఒకడు చట్రంలోపల ఉండాలి.

సురభివారు దీనికి లోతును చేర్చారు. దర్బారు తెర, అడవి తెర, వీధి తెర, ఉద్యానవనం తెర ఒకదాని వెనుక ఒకటి లేస్తూ దిగుతూ ఉంటే రంగస్థలం పొరలుపొరలుగా విచ్చుకొంటుంది. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి విందు, మేఘాల నుంచి నారదుడు దిగిరావడం, బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాల్చడం వంటి మాయలన్నీ ఆ పొరల మధ్య సందుల్లోనే సాధ్యమవుతాయి. తీగ కనబడకుండా ఉండాలంటే దాని వెనుక ఏ రంగు తెర ఉండాలో తెలిసిన సంప్రదాయమిది. సురభి తొలి నాటకం కీచకవధ కావడం కూడా ఈ దృష్టితో చూస్తే అర్థవంతమే. చీకటి నర్తనశాలలో ద్రౌపది ఉండవలసిన చోట భీముడు ఉన్నాడు. ఆ సంగతి ప్రేక్షకుడికి తెలుసు, కీచకుడికి తెలియదు. చూసేవాడికి, చూడబడేవాడికి మధ్య ఈ జ్ఞానభేదమే నాటకీయ కూర్పుకు ప్రాణం. తిక్కన విరాటపర్వాన్ని పాఠ్యపుస్తకంగా ఎరగని గ్రామీణ ప్రేక్షకుడికి కూడా ఆ భేదం తెర అమరికలోనే అర్థమయ్యేది.

చందమామ పుటలో

1947 జూలైలో మద్రాసు నుంచి చందమామ తొలి సంచిక వెలువడింది. స్థాపకులిద్దరిలో బి. నాగిరెడ్డి కడప జిల్లా పొట్టిపాడులో జన్మించినవారు, చక్రపాణి తెనాలివారు. వీరే విజయా సంస్థ పేరుతో ‘పాతాళభైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) చిత్రాలు నిర్మించారు. రెండూ కె.వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనతో వచ్చినవే. మాయాబజార్ కథ సినిమాకు ముందే నాటకరంగంలో ఊరూరా తిరిగినది. తెలుగులో తొలి టాకీ అయిన ‘భక్తప్రహ్లాద’ (1932) సైతం సురభి నాటకానికి రుణపడినదే. నాటకం, సినిమా, పత్రిక ఒకే ఇంటి గదులుగా ఉన్న వాతావరణంలో చందమామ బొమ్మ పుట్టింది. సురభి తెరను చూసి ఫలానా చిత్రకారుడు ఫలానా బొమ్మ గీశాడని ఇక్కడ వాదించడం లేదు. చందమామ చిత్రకారుల్లో ఎం.టి.వి. ఆచార్య కన్నడ ప్రాంతం వారు. ‘చిత్రా’గా సంతకం చేసిన టి. వీరరాఘవన్, ‘శంకర్’గా ప్రసిద్ధుడైన కె.సి. శివశంకరన్ తమిళులు. శంకర్ మద్రాసు చిత్రకళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి హయాంలో శిక్షణ పొందారు. ముఖచిత్రాలతో తరతరాల మనసుల్లో నిలిచిన వడ్డాది పాపయ్యది శ్రీకాకుళం. కనుక ప్రశ్న ప్రభావానికి సంబంధించినది కాదు, చూపుకు సంబంధించినది. దక్షిణదేశపు ప్రేక్షకుడు తెర ముందు కూర్చుని నేర్చుకొన్న చూపును ఈ బొమ్మలు ఎలా వాడుకొన్నాయన్నదే పరిశీలించవలసింది.

ఆ వాడకం మొదట నేలలో కనిపిస్తుంది. చందమామ కథాచిత్రంలో మనుషులు సాధారణంగా ఆపాదమస్తకం కనబడతారు. కాళ్ళ కింద నేల ఉంటుంది. ఆ నేల పుట అడుగు అంచుకు సమాంతరంగా, వేదికలా, పరుచుకొని ఉంటుంది. పాత్రలు ఒకరికొకరు ఎదురై, అయినా ముఖం కొంత పాఠకుడి వైపు తిప్పి నిలుస్తారు. నటుడికి తప్పని భంగిమ ఇది. వెనుక ఒక స్తంభం ఉంటే అది రాజభవనం, ఒక చెట్టు మాను ఉంటే అడవి, పూరికప్పు అంచు ఉంటే పేదవాడి ఇల్లు. తెర మార్చినట్టుగానే ఒక్క గుర్తుతో స్థలం మారుతుంది. ఆ స్తంభం చాటున, మాను వెనుక, తరచుగా మరొకరు ఉంటారు. రహస్యం వింటున్న సేవకుడో, దారికాచిన దొంగో. బొమ్మలోని ముఖ్యపాత్రకు కనబడనిది పాఠకుడికి కనబడుతుంది. నర్తనశాలలోని జ్ఞానభేదమే చిన్న రూపంలో ప్రతి నెలా పుటమీద పునరావృతమైంది.

ఇది సినిమా ప్రభావమేనన్న అభిప్రాయం ఒకటి ఉంది. స్థాపకులు సినిమావారు కావడం దానికి బలమిస్తుంది. రాక్షసుల ఆకారాల్లో, కోటల విస్తీర్ణంలో సినిమా సెట్ల జ్ఞాపకం ఉండవచ్చు. కాని కూర్పు విషయంలో ఈ వాదం నిలవదు. సినిమాకు ప్రత్యేకమైనవి సమీపదృశ్యం, కోణం మార్పు, చట్రం అంచున తెగిపోయే శరీరం. చందమామ బొమ్మల్లో ఇవి అపవాదాలే తప్ప నియమాలు కావు. పైగా ఆ రోజుల పౌరాణిక, జానపద చిత్రాలే రంగస్థలం అమరికను చాలావరకు నిలుపుకొన్నాయి. సినిమా నుంచి వచ్చిందనుకొంటున్నది సినిమాలోకి నాటకం నుంచి వచ్చినదే.

ఇప్పుడు పాఠం వైపు తిరగాలి. 1952 నుంచి 1980లో మరణించేవరకు చందమామ సంపాదక బాధ్యత నిర్వహించిన కొడవటిగంటి కుటుంబరావు తీర్చిన వచనాన్ని దాని స్పష్టత కోసం అందరూ మెచ్చుకొన్నారు. చిన్న వాక్యాలు, నేరుగా చెప్పే క్రియలు, వర్ణన దాదాపు శూన్యం. రాజు ఎలా ఉన్నాడో, అడవి ఎంత భయంకరంగా ఉందో ఆ వచనం చెప్పదు. ఈ పొదుపును బాలసాహిత్య అవసరంగానో, కుటుంబరావు హేతువాద స్వభావంగానో వివరించారు. రెండూ కొంతవరకు నిజాలే. కానీ ఆ వచనం వర్ణనను వదలిపెట్టలేదు, పక్కనున్న బొమ్మకు అప్పగించింది. ఆహార్యం, ఆంగికం బొమ్మ వంతు కాగా వచనం వాచికానికీ కార్యకారణాలకూ పరిమితమైంది. ఈ పనివిభజన తెలియకుండా చందమామ వచనాన్ని ఒంటరిగా పరీక్షించే శైలీ విమర్శ సగం పాఠాన్నే పరీక్షిస్తుంది. డికెన్స్ వచనం ఇందుకు పూర్తిగా భిన్నం. వర్ణనలో అది బొమ్మతో పోటీపడుతుంది, తరచుగా గెలుస్తుంది. ఫిజ్ బొమ్మలు లేకుండా కూడా ‘బ్లీక్ హౌస్’ నిలుస్తుంది. బొమ్మలు లేని చందమామ కథ నిలుస్తుందా అన్నది అంత తేలికైన ప్రశ్న కాదు.

దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికలు ఈ ప్రశ్నను మరింత పదునెక్కిస్తాయి. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘యక్షపర్వతం’ వంటి వాటి మీదుగా సాగిన ఈ జానపద నవలలకు ‘చిత్రా’ గీసిన బొమ్మలు పాఠకుల స్మృతిలో కథకన్నా గట్టిగా నిలిచాయి. ఆ ధారావాహికలు రచయిత పేరు లేకుండానే వెలువడ్డాయి. పుటమీద ఉన్న ఏకైక కర్తృత్వ చిహ్నం బొమ్మ మూలనున్న ‘చిత్రా’ సంతకం. రచయిత లుప్తమై చిత్రకారుడు మిగిలిన ఇటువంటి పాఠాన్ని మన కర్తృత్వ చర్చలు ఇంకా పట్టించుకోవలసి ఉంది. చిత్రా బొమ్మల్లో ఎత్తిన కత్తి, విప్పిన నోరు, వెనక్కి వేసిన అడుగు తరచుగా కనిపిస్తాయి. దెబ్బ పడిన క్షణం కన్నా పడబోయే క్షణం ఆయనకు ఇష్టం. ధారావాహికకు అది సహజమైన ఎంపిక. ‘ఇంకా ఉంది’ అనే మాటను వచనం చివర అచ్చువేస్తే, బొమ్మ దాన్ని మొదటి పుటలోనే చెప్పేది.

నోరు మూసిన రాజు

బేతాళ కథల శీర్షికకు శంకర్ గీసిన బొమ్మ ఈ కూర్పులన్నింటికీ శిఖరం. రాత్రి, శ్మశానం, చెట్టు, భుజాన శవం, చేతిలో దూసిన కత్తి, ముందుకు పడిన అడుగు. నెలనెలా దాదాపు అదే రూపంలో వెలువడిన ఈ బొమ్మను కథాచిత్రం అనడం కూడా సరికాదేమో. దాని కింద వచ్చే కథ ప్రతి నెలా మారుతుంది, బొమ్మ మారదు. డికెన్స్ నెలవారీ సంచికలకు ఆకుపచ్చ అట్ట ఉండేది. కథ ఎంత మలుపు తిరిగినా దానిమీది చిత్రం చివరి సంచిక వరకు అదే. అయితే ఆ అట్ట నవల పూర్తి కాగానే తొలగిపోతుంది. సంస్కృతంలో 25 కథలకు ముగిసిన బేతాళుడి ఆట చందమామలో దశాబ్దాలు సాగింది. ఆ రాజు అడుగు వేస్తూనే ఉన్నాడు, శ్మశానం దాటలేదు.

ఈ బొమ్మ అంతగా నిలిచిపోవడానికి కారణం దాని భయానకత్వం అంటారు. అది సగం కారణమే. కథలోని నియమాన్ని గుర్తుచేసుకొంటే మిగతా సగం తెలుస్తుంది. రాజు మౌనంగా నడవాలి. మాట్లాడితే శవం తిరిగి చెట్టెక్కుతుంది. సమాధానం తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. అంటే ఇది వాచికాభినయం నిషిద్ధమైన పాత్ర. బొమ్మ స్వభావతః మూగది. మాట్లాడకూడని మనిషిని మాట్లాడలేని మాధ్యమం చూపిస్తున్నది. మరే కథాచిత్రంలోనైనా వాచికం లేకపోవడం ఒక లోటు, దాన్ని పాఠం పూరించాలి. ఇక్కడ ఆ లోటే కథావస్తువు. బొమ్మలో ఉన్నంతసేపు రాజు నియమం పాటిస్తున్నాడు. పుట తిప్పి కథ చివరకు చేరి అతడు నోరు విప్పగానే ఓడిపోతాడు, వచ్చే నెల మళ్ళీ బొమ్మలోకి వస్తాడు. మౌనం బొమ్మది, మాట వచనానిది. ఈ రెండింటి మధ్య రాజు తిరుగాడుతున్నాడు. లెస్సింగ్ కోరిన గర్భిత క్షణానికి తెలుగు అచ్చులో ఇంతకన్నా మంచి ఉదాహరణ చూపడం కష్టం.

రాజు భుజాన మోస్తున్నది కూడా శ్రద్ధగా చూడవలసిందే. శవం నిశ్చేష్టం, కాని మాట్లాడేది అదే. బతికినవాడు మౌనం, చచ్చినవాడు వక్త. తోలుబొమ్మలాటలో చేయి కదిలినవాడు మాట్లాడినట్టు అన్న సంకేతాన్ని ఈ బొమ్మ తలకిందులు చేసింది. కదిలేవాడు మాట్లాడడు, వేలాడేవాడు మాట్లాడతాడు.

ఈ సంప్రదాయానికి పరిమితులు లేకపోలేదు. తెరల రంగస్థలం నుంచి వచ్చిన పొదుపుతో పాటు దాని మూసలు కూడా వచ్చాయి. రాజకుమారి ముఖాలు ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. స్త్రీపాత్రలకు భయం, లజ్జ, దుఃఖం మించిన ఆంగికం కొద్దిగానే దొరికింది. అడవి అంటే సురభి అడవి తెరలోని అడవే. ఊడలు, తీగలు, దట్టమైన ఆకులు. కడప జిల్లాలో పుట్టిన స్థాపకుడి పత్రికలో రాయలసీమ నేల, ఆ బండరాళ్ళ గుట్టలు, ఎండిన పెన్న ఇసుక, ఎర్రటి చేలు బొమ్మల్లోకి రావడం అరుదు. తెర మీద లేనిది పుటలోకి రాలేదు. ‘బ్లీక్ హౌస్’ కోసం ఫిజ్ గీసిన చీకటి పలకల్లో మనుషులే లేని వీధి కూడా ఒక పాత్ర అయింది; స్థలమే నాటకం ఆడింది. చందమామ చిత్రకారులు ఖాళీ రంగస్థలాన్ని నమ్మలేదు. నటుడు లేకపోతే తెర లేపడమెందుకన్నది వారు పుట్టిపెరిగిన ప్రదర్శనకళల తర్కం.

ఈ పరిశీలనకు ఆచరణలో ఒక పర్యవసానం ఉంది. చందమామ తెలుగు ముద్రణ 2013 నాటికి నిలిచిపోయింది. అందులోని కథలు, ధారావాహికలు సంపుటాలుగా వచ్చినప్పుడు బొమ్మలను వదిలివేయడమో, కుదించి వేరే పుటకు మార్చడమో జరుగుతున్నది. విశ్వవిద్యాలయ గ్రంథాలయ సూచికల్లో చిత్రకారుడికి స్థానం లేదు. పాఠపరిష్కరణలో ఒక పద్యపాదం లోపిస్తే గ్రంథపాతం అని గుర్తుపెట్టే మన పరిష్కర్తల సంప్రదాయం, పుటలో సగభాగం లోపించినప్పుడు ఏ గుర్తూ పెట్టడం లేదు. బేతాళ కథల పునర్ముద్రణలో రాజు మౌనాన్ని మోసిన పుట లేకుండా అతని సమాధానం మాత్రమే అచ్చవుతున్నట్లయితే, అక్కడ కూడా ఆ గుర్తు పెట్టవలసి ఉంటుంది.